నల్లరేగడి నేల, హాకీ స్టిక్: ఒక ఊరి ఆట అగ్రశ్రేణిలో ఎలా నిలుస్తుంది

ఒక కళాశాల జట్టు గాని, ఒక ఊరి జట్టు గాని ఏదో ఒక ఏడాది కప్పు గెలిచినంత మాత్రాన ఆ ఆటలో అగ్రశ్రేణికి చేరిందని తెలిసినవారెవరూ ఒప్పుకోరు. గెలిపించిన ఆటగాళ్లు చదువు ముగించి వెళ్లిపోయి, పేరున్న శిక్షకుడు తప్పుకుని, వరుసగా కొన్నేళ్లు ఓటములే ఎదురైన తరువాత కూడా సాయంత్రమయ్యేసరికి మైదానానికి కొత్త పిల్లలు వస్తూనే ఉంటే, వారికి ఆట నేర్పేవారు దొరుకుతూనే ఉంటే, అప్పుడు మాత్రమే ఆ పేరు ఒక తరం నుంచి మరొక తరానికి చేరుతుంది. ఈ విషయాన్ని అమెరికాలోని కళాశాల ఫుట్‌బాల్ అభిమానులు దశాబ్దాలుగా చర్చించుకుంటూనే ఉన్నారు. తెలుగువారికి చేరువలో ఉన్న ఉదాహరణ మాత్రం హాకీలో కనిపిస్తుంది. మదురై నుంచి తిరునెల్వేలికి వెళ్లే దారిలో విరుదునగర్, సాత్తూరు దాటిన తరువాత వచ్చే కోవిల్‌పట్టి పట్టణమే ఆ ఉదాహరణ.

అమెరికా వారు ఫుట్‌బాల్ అని పిలిచేది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేతబట్టి, అడ్డుపడే ప్రత్యర్థులను నెట్టుకుంటూ నూరు గజాల మైదానంలో ముందుకు సాగే ఆట అది. అక్కడి విశ్వవిద్యాలయాలలో ఈ ఆటకు జట్టుతో పాటు శిక్షకుల బృందం, ఉన్నత పాఠశాలలు తిరిగి కుర్రాళ్లను ఎంపిక చేసేవారు, ఉపకార వేతనాలు, వైద్యులు, వ్యాయామశాలలు, విరాళాలిచ్చే పూర్వ విద్యార్థులు, ప్రసార హక్కుల ఒప్పందాలు అన్నీ కలిసిన ఒక పెద్ద వ్యవస్థ ఉంటుంది. దాన్నంతటినీ కలిపి 'ప్రోగ్రామ్' అంటారు. మిషిగన్ విశ్వవిద్యాలయపు స్టేడియంలో 1,07,601 మంది కూర్చోగలరంటే ఆ వ్యవస్థ పరిమాణం ఊహించుకోవచ్చు. 2021 జూలై నుంచి విద్యార్థి క్రీడాకారులు తమ పేరును, బొమ్మను ప్రకటనలకు ఇచ్చి సంపాదించుకునే వీలు కలిగింది. 2025లో కుదిరిన కోర్టు ఒప్పందంతో విశ్వవిద్యాలయాలే నేరుగా వారికి డబ్బు చెల్లించే పద్ధతి కూడా మొదలైంది.

ఇంత డబ్బున్న చోట అగ్రస్థానాన్ని డబ్బే నిర్ణయిస్తుందని తోచడం సహజం. అయితే చరిత్ర ఆ మాటను పూర్తిగా బలపరచదు. అలబామా విశ్వవిద్యాలయం 'బేర్' బ్రయంట్ అనే శిక్షకుని కింద 1961 నుంచి 1979 మధ్య ఆరు జాతీయ బిరుదులు గెలిచింది. ఆయన తరువాత 1992లో ఒక్కటి మాత్రమే దక్కింది. 2007లో వచ్చిన నిక్ సేబన్ 2009 నుంచి 2020 లోపు మళ్లీ ఆరు గెలిపించాడు. ఈ రెండు గొప్ప కాలాల నడుమ గడిచిన లోటు సంవత్సరాలలో కూడా అక్కడి ప్రజలకు ఆటపై మమకారం తగ్గలేదు, ఆ రాష్ట్రపు కుర్రాళ్లు ఆ జట్టు చొక్కా తొడుక్కోవాలని కలలు కనడం మానలేదు. సేబన్‌కు దొరికిన నేల ముందే దున్ని ఉంది. నెబ్రాస్కా పరిస్థితి మరింత ఆలోచింపజేస్తుంది. సుమారు ఇరవై లక్షల జనాభా మాత్రమే ఉన్న ఆ వ్యవసాయ రాష్ట్రపు విశ్వవిద్యాలయం చివరిసారి జాతీయ బిరుదు అందుకున్నది 1997లో అయినా, 1962లో మొదలై ఆ స్టేడియంలో ప్రతి ఆటకూ టిక్కెట్లన్నీ అమ్ముడుపోతూనే వస్తున్నాయి. మరోవైపు, దేశంలోనే ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీని 1935లో మొట్టమొదట అందుకున్న జే బెర్వాంగర్ చదివిన షికాగో విశ్వవిద్యాలయం, చదువుకు ఆట అడ్డమని భావించి 1939లో జట్టునే రద్దు చేసింది. బిరుదులు లేకపోయినా నెబ్రాస్కాలో ఆట బతికింది. అన్ని హంగులూ ఉన్న షికాగోలో ఒక్క నిర్ణయంతో ఆగిపోయింది. అగ్రశ్రేణి అనే మాటకు కప్పుల లెక్క ఒక్కటే కొలత కాజాలదని ఈ రెండు ఉదాహరణలు చాటుతాయి.

ఇప్పుడు కోవిల్‌పట్టికి వద్దాం. తూత్తుకుడి జిల్లాకు చెందిన ఈ పట్టణంలో 2011 జనాభా లెక్కల నాటికి లక్షకు లోపే జనం ఉన్నారు. చుట్టూ నల్లరేగడి నేల; తమిళులు కరిసల్ అని పిలిచే ఆ మన్ను వాన కురిస్తే జిగురుగా మారి, ఎండకు బీటలు వారుతుంది. పత్తి, జొన్న, సజ్జ, మినుము తప్ప వరి పండేందుకు నీరు చాలని ప్రాంతం కావడంతో, పత్తి నుంచి నూలు మిల్లులు, వానలు తక్కువైన పొడి గాలి నుంచి అగ్గిపెట్టెల కార్ఖానాలు ఇక్కడ పుట్టుకొచ్చాయి. పక్కనే ఉన్న విరుదునగర్ జిల్లాలోని శివకాశి, సాత్తూరులకు కూడా అదే జీవనాధారం. వేరుశనగ పప్పుతో చేసే కోవిల్‌పట్టి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

తెలుగు పాఠకులకు ఈ నేల పరాయిది కాదు. విజయనగర, మదురై నాయకరాజుల కాలంలో దక్షిణానికి తరలివెళ్లిన తెలుగు కుటుంబాలు ఈ నల్లరేగడి పొడవునా స్థిరపడ్డాయి. కమ్మ నాయుళ్లు, రెడ్లు, రాజకంబళ నాయకులు, రాజపాళయం రాజులు, అరుంధతీయులు నేటికీ ఇళ్లలో తెలుగు మాట్లాడుతున్నవారే. కోవిల్‌పట్టికి దక్షిణాన ఉన్న కయత్తారులో 1799 అక్టోబర్ 16న ఆంగ్లేయులు ఉరి తీసిన వీరపాండ్య కట్టబొమ్మన తెలుగు మాతృభాషగా గల పాళెగాడు. పక్కనున్న ఇడైసెవల్ గ్రామంలో పుట్టి, తెలుగువారి వలసను తమిళ నవలలుగా మలచిన కి. రాజనారాయణన్ 1991లో 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్నారు. పట్టణంలోని ప్రధాన కళాశాల పేరు కూడా ఆ తెలుగు మూలాన్ని గుర్తు చేస్తూ జి. వెంకటస్వామి నాయుడు కళాశాలగా నిలిచి ఉంది.

ఈ ఊరిని తమిళనాడు అంతటా క్రీడాభిమానులు గుర్తించేది మాత్రం హాకీ వల్లనే. క్రికెట్ తప్ప మరో ఆటకు వీధిలో చోటు దొరకని రోజులలో కూడా కోవిల్‌పట్టి పేటలలో, చుట్టుపక్కల పల్లెలలో పిల్లల చేతికి హాకీ స్టిక్ అందుతూనే ఉంది. అలా అందడానికి మూలం పేటకొకటిగా వెలసిన చిన్న క్లబ్బులు. ఒకప్పుడు ఆడి మానేసిన పెద్దలు, ఉద్యోగాలలో ఉన్నవారు, మిల్లు కార్మికులు సాయంత్రం వేళ మైదానానికి వచ్చి పిల్లలకు బంతిని ఆపడం, తోయడం, ఎదుటివాడిని ఏమార్చడం నేర్పుతారు. దానికి జీతం ఉండదు. అమెరికాలో కుర్రాళ్లను వెతికిపట్టుకోవడానికి లక్షల డాలర్లు ఖర్చు చేసే పనిని ఇక్కడ అన్నలు తమ్ముళ్లకు, తండ్రులు కొడుకులకు చేస్తున్నారు. పాత స్టిక్ విరిగేదాకా చేతులు మారుతుంది. ఊరిలో అఖిల భారత స్థాయి పోటీలు జరిగినప్పుడు రైల్వేలు, బ్యాంకులు, సైన్యం తరఫున వచ్చే జట్ల ఆటను ఆ పిల్లలు గట్టు మీద కూర్చుని చూస్తారు. మేటి ఆటగాడు తన కళ్ల ముందు పదిగజాల దూరంలో బంతిని మలుపు తిప్పడాన్ని చూసిన పిల్లవాడికి ఏ పుస్తకమూ చెప్పలేని పాఠం ఒంటపడుతుంది. ఒక ఊరికి ఆటపై తనదైన అభిప్రాయం ఏర్పడేది ఇలాంటి చూపరుల మధ్యనే, ఎందుకంటే బాగా ఆడినవాడిని మెచ్చుకోవడమూ, బద్ధకంగా ఆడినవాడిని నిలదీయడమూ తెలిసిన ప్రేక్షకులు శిక్షకునితో సమానం.

క్లబ్బు ఒంటరిగా ఒక ఆటగాడిని భారత జట్టు దాకా తీసుకుపోలేదు. పన్నెండు, పదమూడేళ్ల వయసులో ప్రతిభ బయటపడిన పిల్లవాడికి సరైన తిండి, ప్రతిరోజూ రెండు పూటలా శిక్షణ, చదువు ఆగిపోకుండా చూసే ఏర్పాటు కావాలి. తమిళనాడు ప్రభుత్వం 1992లో నెలకొల్పిన క్రీడాభివృద్ధి ప్రాధికార సంస్థ ఈ పనికి వసతి గృహాలను నడుపుతోంది. వాటిలో పాఠశాల పిల్లలకు ఒక అంచె, కళాశాల వయసు వచ్చినవారికి విశిష్ట క్రీడా వసతి గృహాలనే మరొక అంచె ఉన్నాయి. హాకీకి సంబంధించిన విశిష్ట వసతి గృహం కోవిల్‌పట్టిలో ఉండడం యాదృచ్ఛికం కాదు. ఆట అప్పటికే వేళ్లూనుకున్న చోట ప్రభుత్వం హాస్టల్ కట్టింది. ఆట లేని చోట హాస్టల్ కట్టి ఆటను పుట్టించాలని చూసిన ప్రయత్నాలకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. హాస్టల్ ఏర్పడిన తరువాత రాష్ట్రంలోని ఇతర జిల్లాల పిల్లలు కూడా కోవిల్‌పట్టికి రావడం మొదలైంది. ఆ విధంగా ఊరి ఆట రాష్ట్రపు ఆటగా విస్తరించింది.

2022 మే నెలలో ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగిన ఆసియా కప్ ఈ వ్యవస్థ ఫలితాన్ని దేశమంతటికీ చూపింది. ఆ పోటీకి ఎంపికైన భారత జట్టులో ఇద్దరు తమిళ కుర్రాళ్లు ఉన్నారు: కోవిల్‌పట్టికే చెందిన మరీశ్వరన్ శక్తివేల్ ఒకరు, అరియలూర్ నుంచి వచ్చి కోవిల్‌పట్టి హాస్టల్‌లో తయారైన కార్తి సెల్వం మరొకరు. మే 23న పాకిస్తాన్‌పై ఆడిన తన మొదటి అంతర్జాతీయ మ్యాచ్‌లోనే కార్తి గోల్ చేశాడు. ఆ ఆట 1-1తో సమమైంది, భారత్ ఆ పోటీలో కాంస్యం గెలిచింది. మరుసటి ఏడాది ఆగస్టులో చెన్నైలో జరిగిన ఆసియా చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో మలేషియాను 4-3తో ఓడించిన జట్టులోనూ కార్తి ఉన్నాడు. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జట్టుకు నాయకుడైన వాసుదేవన్ భాస్కరన్‌ను అందించిన రాష్ట్రం, చాలా ఏళ్లుగా భారత పురుషుల జట్టులో తన పేరు వెతుక్కోవలసి వచ్చిన తరువాత, ఆ లోటును తీర్చినవారు ఒక చిన్న పట్టణపు హాస్టల్ నుంచి రావడం గమనించదగినది. ఊరిలో పుట్టిన పిల్లవాడు, ఊరిని వెతుక్కుంటూ వచ్చిన పిల్లవాడు ఇద్దరూ ఒకే జట్టులో నిలవడం ఒక క్రీడాకేంద్రం పరిపక్వమైందనడానికి బలమైన సాక్ష్యం.

ఈ ఎదుగుదలలో మైదానం పాత్రను వేరుగా చెప్పుకోవాలి. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారిగా హాకీని మట్టి, గడ్డి నేల మీద కాకుండా కృత్రిమ పచ్చిక (టర్ఫ్) మీద ఆడించారు. అంతకు ముందు ఏడు స్వర్ణాలు గెలిచిన భారత్ ఆ ఏడాది ఏడవ స్థానంలో మిగిలింది. మట్టి నేలపై బంతి ఎగుడుదిగుడుగా ఎగిరిపడుతుంది గనుక, దాన్ని స్టిక్‌కు అంటిపెట్టుకుని, మణికట్టు నేర్పుతో నలుగురిని తప్పించుకుపోవడమే గొప్ప విద్యగా సాగింది. కృత్రిమ పచ్చికపై బంతి తిన్నగా, ఎక్కువ వేగంతో పరుగెడుతుంది. అక్కడ దూరం నుంచి సూటిగా అందించడం, అందుకున్న మరుక్షణంలో వదలడం, ఆగకుండా పరుగెత్తే దేహబలం ప్రధానమవుతాయి. పెనాల్టీ కార్నర్ విషయం తీసుకుంటే మార్పు స్పష్టమవుతుంది. గోల్ పక్కన గీత మీద నుంచి తోసిన బంతిని గోల్ ముందుండే అర్ధవృత్తం వెలుపల ఒకరు ఆపగా, మరొకరు దాన్ని స్టిక్ వంపులో పట్టి నేల వెంబడి ఈడ్చి గోల్ పైకి విసిరే పద్ధతిని డ్రాగ్ ఫ్లిక్ అంటారు. చదునైన కృత్రిమ తలం లేకుండా ఈ విద్యను సాధన చేయడం దాదాపు అసాధ్యం. ఇది తెలియని జట్టు నేటి హాకీలో పోటీపడనూలేదు.

పంజాబ్‌లో జలంధర్ దగ్గరి సన్సార్‌పూర్ గ్రామం ఈ మార్పు ఎంత కఠినమైనదో అనుభవించింది. పద్నాలుగురు ఒలింపిక్ హాకీ ఆటగాళ్లను కన్న ఆ పల్లె, 1975లో ప్రపంచ కప్ గెలిచిన భారత జట్టు నాయకుడు అజిత్‌పాల్ సింగ్ స్వగ్రామం. ఆయన తరం ముగిశాక ఒలింపిక్స్‌కు వెళ్లినవారు అక్కడి నుంచి రాలేదు. ఆట మట్టి మీది నుంచి టర్ఫ్ మీదికి మారినప్పుడు ఆ పల్లెకు టర్ఫ్ దక్కలేదు, మరోవైపు కుటుంబాలు విదేశాలకు తరలిపోయాయి. ప్రతిభ రక్తంలో ఉంటుందని నమ్మేవారు సన్సార్‌పూర్ చరిత్రను ఒక్కసారి చదవాలి. కోవిల్‌పట్టికి ఆ గతి పట్టకుండా కాపాడినది పట్టణంలోని కృష్ణానగర్‌లో పరచిన కృత్రిమ పచ్చిక మైదానం. హాకీ ఇండియా జాతీయ జూనియర్ పురుషుల పోటీలకు వేదికగా నిలిచే స్థాయికి ఊరు ఎదిగింది దానివల్లనే.

అయితే ఈ వరం వెంట ఒక బరువు కూడా వచ్చింది. 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు గల హాకీ టర్ఫ్‌ను ఆటకు ముందు నీటితో తడపాలి. లేకపోతే బంతి వేగం తగ్గి, పడిన ఆటగాళ్ల మోకాళ్లు, మోచేతులు గీసుకుపోతాయి. తడిపిన ప్రతిసారీ వేల లీటర్లు ఖర్చవుతాయి. తాగునీటికి తామ్రపర్ణి నది మీద ఆధారపడిన కోవిల్‌పట్టిలో, వేసవిలో బిందెలు వరుసకట్టే ఊళ్లలో, ఈ నీటి లెక్కను తేలికగా తీసుకోలేరు. వాడిన కొన్నేళ్లకు టర్ఫ్ అరిగిపోతుంది, మార్చడానికి కోట్ల రూపాయలు కావాలి. మన దేశంలో మైదానాన్ని ప్రారంభించడానికి దొరికినంత సులభంగా దాన్ని కాపాడడానికి నిధులు దొరకవు. ఒక క్రీడాకేంద్రం స్థాయిని తెలుసుకోవాలనుకునేవారు ప్రారంభోత్సవపు శిలాఫలకాన్ని వదిలేసి, పదేళ్ల తరువాత ఆ టర్ఫ్ అతుకులు ఎలా ఉన్నాయో చూడడం మంచిది. నీరు అవసరం లేని పొడి టర్ఫ్‌ల కోసం అంతర్జాతీయ హాకీ సమాఖ్య ప్రయత్నిస్తున్నది. అవి ఎవరికన్నా ముందు నల్లరేగడి ప్రాంతాలకే మేలు చేస్తాయి.

శిక్షకుని ప్రాధాన్యం గురించి తెలుగునాట అందరికీ తెలియవలసిన కథ హైదరాబాద్ ఫుట్‌బాల్‌ది. ఉపాధ్యాయ వృత్తి నుంచి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదు సార్లు రోవర్స్ కప్ గెలుచుకుంది. ఆయనే తీర్చిదిద్దిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది, 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణాలు గెలిచింది. 1963 జూన్‌లో రహీం కన్నుమూశారు. ఆ తరువాత హైదరాబాద్‌లో మంచి ఆటగాళ్లు పుట్టకపోలేదు. కాని వారిని వెతికి, కలిపి, నడిపించే పద్ధతి ఒక మనిషి తెలివిలోనే నిలిచిపోయి సంస్థగా రూపుదిద్దుకోకపోవడంతో, మైదానాలు తరిగిపోతూ వచ్చిన నగరంలో ఆ వైభవం క్రమంగా కరిగిపోయింది. మహా శిక్షకుడు దొరకడం అదృష్టం. ఆయన వెళ్లిన తరువాత ఆయన పద్ధతిని చేతబట్టే పదిమంది మామూలు శిక్షకులు ఉండడం అంతకన్నా పెద్ద సంపద, కోవిల్‌పట్టి పేట క్లబ్బులలో కనిపించేది ఆ సంపదే.

కళాశాల దగ్గరికి వచ్చేసరికి భారతదేశపు దారి అమెరికా దారికి పూర్తిగా వేరు. అక్కడ కళాశాల జట్టులో చోటే యువ ఆటగాడి ఆశలకు శిఖరం, వృత్తి క్రీడకు ద్వారం కూడా. ఇక్కడ కళాశాల ఒక వంతెన మాత్రమే. దాని ఆవలి ఒడ్డున రైల్వే, బ్యాంకు, పోలీసు, ఆదాయపు పన్ను శాఖల క్రీడా కోటా ఉద్యోగం ఉంటుంది. విశ్వవిద్యాలయాలలో క్రీడలకు గట్టి పునాది వేసినవి ఉత్తరాదిలో కనిపిస్తాయి. 1956-57 నుంచి అత్యుత్తమ క్రీడా విశ్వవిద్యాలయానికి ఇస్తున్న మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీని ఎక్కువసార్లు గెలిచినది అమృత్‌సర్‌లోని గురునానక్ దేవ్ విశ్వవిద్యాలయం. శిక్షకులను శాశ్వతంగా నియమించుకుని, ఆటగాళ్లకు తిండి, వసతి, ఫీజు రాయితీలు ఏళ్ల తరబడి తప్పకుండా ఇవ్వడమే ఆ విజయాల రహస్యం. 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు కళాశాల ఆటకు టెలివిజన్ తెరపై కొంత చోటు కల్పించాయి. అయినా తిరునెల్వేలిలోని మనోన్మణియం సుందరనార్ విశ్వవిద్యాలయం పరిధిలో హాకీ ఆడే కుర్రాడు తన భవిష్యత్తును లెక్క వేసుకునేటప్పుడు అంతర్ విశ్వవిద్యాలయ పతకం కన్నా, దాని వల్ల దొరికే ఉద్యోగమే ముందు గుర్తుకొస్తుంది. అందులో తప్పు లేదు. అగ్గిపెట్టెల కార్ఖానా కూలితో ఇల్లు గడిచే కుటుంబం కొడుకును పదేళ్లు మైదానానికి పంపడమంటే ఒక సంపాదనను వదులుకోవడమే. ఆ త్యాగానికి బదులుగా ఒక స్థిరమైన ఉద్యోగం కనిపిస్తేనే తరువాతి ఇంటి తల్లి తన పిల్లవాడిని పంపుతుంది. తమిళనాడు ప్రభుత్వోద్యోగాలలో క్రీడాకారులకు మూడు శాతం కేటాయింపు, ఇంజనీరింగ్ సీట్లలో క్రీడా కోటా ఉండడం కోవిల్‌పట్టి వంటి ఊళ్లకు ట్రోఫీల కన్నా ఎక్కువ మేలు చేసింది.

పిల్లల తిండి సంగతి ప్రస్తావించకుండా ఈ ప్రాంతపు క్రీడను అర్థం చేసుకోలేము. ఆ ప్రస్తావన విరుదునగర్‌తో మొదలవుతుంది. వ్యాపారులు పెరిగిన ఆ ఊరిలో నాడార్ సమాజం 1889లో క్షత్రియ విద్యాశాల అనే పాఠశాలను స్థాపించింది. దాని ఖర్చుకు ప్రతి ఇల్లాలూ వంట చేసేటప్పుడు ఒక పిడికెడు బియ్యం వేరుగా తీసి ఉంచేది, వాటిని ఇంటింటా పోగుచేసి అమ్మిన డబ్బుతో బడి నడిచేది. 1903లో విరుదునగర్‌లో పుట్టిన కామరాజ్ చదివింది ఆ బడిలోనే. ఆయన ముఖ్యమంత్రి అయ్యాక బడిపిల్లలకు మధ్యాహ్న భోజనాన్ని 1956లో ప్రారంభించింది కోవిల్‌పట్టి పక్కనున్న ఎట్టయపురంలో. ఆకలితో ఉన్న పిల్లవాడికి పాఠమూ ఎక్కదు, ఆటా రాదు అన్న సత్యాన్ని ఒక రాష్ట్రం విధానంగా స్వీకరించిన చోటు ఇది. 1947లో విరుదునగర్‌లో స్థాపించిన హిందూ నాడార్ల సెంథికుమార నాడార్ కళాశాల ఆ పిడికెడు బియ్యపు సంప్రదాయానికి కొనసాగింపు. విరుదునగర్ జిల్లా ఏళ్ల తరబడి పన్నెండవ తరగతి ఉత్తీర్ణతలో రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలవడానికి కారణం ఏదో ఒక ఏడాది వెచ్చించిన కోట్లు కావు. చిన్న మొత్తాలైనా అవి ఎన్నడూ ఆగకపోవడమే. అలబామాకు కోట్లిచ్చే పూర్వ విద్యార్థి, విరుదునగర్‌లో పిడికెడు బియ్యం తీసి ఉంచిన ఇల్లాలు ఇద్దరూ చేసిన పని స్వభావంలో ఒకటే. ఆ సంస్థ తమదని వారు ఎంచారు, తమది గనుక అది కొనసాగింది.

ఊరి ఆటను సంస్థగా నిలబెట్టే పనిని ఒడిశా రాష్ట్రం ప్రభుత్వ స్థాయిలో చేసి చూపింది. సుందర్‌గఢ్ జిల్లా ఆదివాసీ పల్లెలలో పిల్లలు వెదురు కర్రలతో ఆడే ఆటను ఆధారం చేసుకుని 1985లో పాన్‌పోష్ క్రీడా హాస్టల్ వెలసింది. మూడు ఒలింపిక్స్ ఆడిన దిలీప్ తిర్కీ పుట్టింది ఆ జిల్లాలోనే. 2018 నుంచి ఒడిశా ప్రభుత్వమే భారత జట్లకు ప్రాయోజకత్వం వహిస్తున్నది; 2023 ప్రపంచ కప్ కోసం రూర్కెలాలో బిర్సా ముండా స్టేడియం కట్టింది. పల్లెల ఆట, హాస్టల్, టర్ఫ్, ప్రభుత్వ పట్టుదల ఒకదాని వెంట ఒకటి నిలిచిన చోట ఆట ఎలా పెరుగుతుందో సుందర్‌గఢ్ చూపిస్తుంది. కోవిల్‌పట్టికి మొదటి మూడూ ఉన్నాయి. నాలుగవది కూడా ఈ మధ్య బలపడుతున్న సూచనలున్నాయి. 2025 నవంబర్, డిసెంబర్ నెలలలో ఇరవై నాలుగు దేశాలు ఆడిన జూనియర్ పురుషుల ప్రపంచ కప్‌కు చెన్నైతో పాటు మదురై కూడా వేదికైంది, అంటే కోవిల్‌పట్టి పిల్లలు బస్సెక్కి రెండు గంటలలో చేరుకోగల దూరానికి ప్రపంచ స్థాయి హాకీ వచ్చింది.

ఇంకా పూరించవలసిన ఖాళీలలో పెద్దది ఆడపిల్లలది. భారత పురుషుల జట్టులో కోవిల్‌పట్టి పేరు వినబడినట్టు మహిళల జట్టులో వినబడాలంటే, సాయంత్రం మైదానానికి వెళ్లి చీకటి పడ్డాక ఇంటికి తిరిగి రావడానికి ఆడపిల్లకు తోడు, వెలుతురు, మరుగుదొడ్డి, మహిళా శిక్షకురాలు కావాలి. అగ్గిపెట్టెల పనిలో తల్లి పక్కన కూర్చోబెట్టే ఆడపిల్లల చేతికి స్టిక్ ఇచ్చేందుకు ఇంటివారిని ఒప్పించగల మనుషులు కావాలి. ఇవి అసాధ్యమైన విషయాలేమీ కావు. చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టిన ఎతిమరపు రజని భారత మహిళల జట్టుకు గోల్‌కీపర్‌గా ఎదిగింది. అనంతపురంలో 1969లో విసెంటె ఫెరర్ ప్రారంభించిన గ్రామీణాభివృద్ధి సంస్థ నడిపే క్రీడా గ్రామంలో, వర్షాభావంలో కోవిల్‌పట్టితో పోటీపడే ఆ జిల్లా పిల్లలు, ఆడపిల్లలు సహా, హాకీ నేర్చుకుంటున్నారు. పేట క్లబ్బులలో మగపిల్లలకు జీతం లేకుండా పాఠం చెప్పే అన్నలు తమ చెల్లెళ్లకు కూడా అదే మైదానంలో వారానికి రెండు సాయంత్రాలైనా కేటాయిస్తే, హాస్టల్ ఎంపికలకు వచ్చే బాలికల వరుస కొన్నేళ్లలోనే పొడవవుతుంది. ఆ వరుసను అందుకోవడానికి కోవిల్‌పట్టిలో బాలికల కోసం ఒక హాకీ హాస్టల్, కళాశాలలలో మహిళా జట్లకు స్థిరమైన నిధులు సిద్ధంగా ఉండాలి.